మేస్త్రి తేల్చని కార్బురేటర్ల పంచాయితీ

మా మెకానిక్ మేస్త్రి పోయాడని ఫోన్ వచ్చిన వేళకి నేను కార్బురేటర్ ఒకటి చేత్తో పట్టుకుని ఆయన్నే తిట్టుకుంటున్నాను. దేవుడి మీద ఒట్టు. "ఈ వారం తేల్చకపోతే బండి బళ్లారి తీసుకుపోతా" అని రెండు రోజుల ముందే మొహం మీద చెప్పి వచ్చాను. ఆయన నవ్వి, "ఇంగొక్క తూరి సూద్దాం సారూ" అన్నాడు. పొద్దున గుండెలో నొప్పి అన్నాడట, ఆటో ఎక్కించేలోపే అయిపోయిందట. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటారు. నాకు మాత్రం ఆ పూటంతా కోపమే వచ్చింది.

అసలు సంగతి చెప్పాలి. నేను ఆదోనిలో ఫిజిక్స్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. మూతపడిన పత్తి మిల్లు షెడ్డులో దుమ్ము కొట్టుకుపోతున్న రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారును, ఇంట్లో అందరూ నెత్తీ నోరూ కొట్టుకుంటున్నా వినకుండా తెచ్చుకున్నాను. మేస్త్రి దాని సిలిండర్లు బోరు చేయించి, క్యామ్ మార్చి, ఇంజనుకు మళ్లీ ప్రాణం పోశాడు. అక్కడిదాకా ఆయనంత మొనగాడు లేడు. చిక్కంతా పెట్రోలునూ గాలినీ కలిపి అందించే కార్బురేటర్ దగ్గర వచ్చింది. పెద్దది ఒకటి పెట్టొచ్చు, చిన్నవి రెండు పెట్టొచ్చు. ఆయన మాటల్లో ఒంటిది, జంట. రెండు రకాలూ బిగించి చూసి ఏది మేలో చెబుతానన్నాడు. ఆ మాట పట్టుకుని మూడేళ్లు తిరిగాను.

ఒక నెల ఒంటిది. ఒక నెల జంట. మళ్లీ ఒంటిది. ప్రతిసారీ ఆదోనిలోని ఆయన రిపేరు షెడ్డు నుంచి ఎమ్మిగనూరు పోయి రావాల్సిందే. అదే బంకులో పెట్రోలు, టైర్లలో అంతే గాలి, పక్క సీట్లో నేనే. ఒక శనివారం ఒక్కపొద్దు ఉండి వెళ్తే వెనక్కి పంపేశాడు. "తిని రా సారూ. ఒంటిదాని తూరి రొట్టెలు తినొచ్చినావు. బరువు తేడా వస్తాది" అన్నాడు. ఫిజిక్స్ సారుకు బరువు గురించి పాఠం! దారిలో పత్తి లారీ వెనక పడితే ఆ రోజు లెక్క రద్దు. గొర్రెల మంద అడ్డొస్తే రద్దు. కోసిగి రోడ్డు ఖాళీగా ఉంటుంది, అటు పోదామయ్యా అంటే వింటేనా?

వేగంగా పోతూ పోతూ ఉన్నట్టుండి ఇంజన్ ఆపేసి, బండిని పక్కకు దొర్లించి, చేతికి గుడ్డ చుట్టుకుని స్పార్క్ ప్లగ్గులు విప్పేవాడు. ప్లగ్గు కొస నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు, తెల్లగా ఉంటే తక్కువైనట్టు. ఆయన నేతపని ఇంట్లో పుట్టినవాడు. రకరకాల రంగుల నూలు పోగులు ఒక తీగకు కట్టి జేబులో పెట్టుకుని తిరిగేవాడు. ప్లగ్గు పక్కన పోగు పెట్టి చూసి, "ఇటికరాయి రంగు రావాల. ఇది వక్క రంగుకి పోతాంది" అనేవాడు. ఎండకు నా మాడు పగిలిపోతుంటే ఆయనకు వక్కా ఇటికరాయీ!

ఇంతకంటే ఒళ్లు మండే పని ఇంకోటుంది. ఎమ్మిగనూరులో తన ఇంటి ముందు, ఇంజన్ తిరుగుతుండగానే బానెట్ ఎత్తి, "నువ్వు పోయి టీ తాగి రా సారూ" అని నన్ను సందు చివరికి తరిమేవాడు. నేను తిరిగొచ్చేసరికి బానెట్ మూసి, చేతులు తుడుచుకుంటూ కూర్చునేవాడు. భార్య గుమ్మంలో నిలబడి ఉండేది. పని మధ్యలో ఇంటి ముచ్చట్లేమిటని ఒకసారి నిలదీశాను.

"జంటంటే మొగుడూ పెళ్లాం లెక్క సారూ. ఒకటి ఎక్కువ పీలిస్తే ఇంగోదానికి ఊపిరాడదు. సమానం సెయ్యాల" అన్నాడు.

నేనడిగిందేమిటి, ఆయన చెప్పిందేమిటి!

ఆ సమానం చేయడం చెవితో చేసే పని. రబ్బరు ట్యూబు ఒక కొస కార్బురేటర్ మూతి దగ్గర, ఇంకో కొస చెవి దగ్గర పెట్టి, గాలి పీల్చే బుస వినాలి. రెండు బుసలూ ఒకటయ్యేదాకా స్క్రూ తిప్పాలి. ఇంత తంటా ఎందుకని బెంగళూరు నుంచి గాలి కొలిచే మీటరు తెప్పించాను. "మీటరుకి అలవాటు పడితే చెవి సోమరైపోతాది సారూ" అని దాన్ని అటక మీద పడేశాడు. ఆ రోజు నాకు తిక్క రేగింది. షెడ్డులో నలుగురు ఉండగానే, "అసలు నీకు చెవులు పనిచేస్తున్నాయా మేస్త్రీ?" అని అరిచాను. ఆయన స్పానర్ కింద పెట్టి నా వైపు చూశాడు. తర్వాత నవ్వాడు. అందరూ నవ్వారు.

ఒక్కటి ఒప్పుకోవాలి. బాగాలేనిదాన్ని బాగుందని ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. బ్రేకులు సరిగా లేని లారీని అర్జెంటుగా తీసుకుపోతానని ఒక ఓనరు గొడవ పడితే, తాళం జేబులో వేసుకుని బస్సెక్కి ఇంటికి పోయిన మనిషి. ఆ మొండితనం వల్లే కదా నా బండి ఆయనకు అప్పగించాను.

దినాలన్నీ అయ్యాక, జంట నేనే బిగించుకుని, దగ్గుతూ తుమ్ముతూ ఉన్న బండిలో ఎమ్మిగనూరు వెళ్లాను. ఆయన భార్య మగ్గం దిగి వచ్చింది. పలకరించడానికి పోయినవాణ్ణి, ఉండబట్టలేక నా గోడే వెళ్లబోసుకున్నాను. "మూడేళ్లు తిప్పాడక్కా. ఏది మేలో చెప్పకుండానే పోయాడు."

ఆమె చేతికంటిన నూలు దులుపుకుని గుమ్మంలో కూర్చుంది.

"జంటే మేలని ఆయప్పకి మొదట్లోనే తెలుసు సారూ. ఆయప్పకి ఈ బుసలు యినపడక శానా ఏండ్లాయ. నువ్వు టీకి పోతానే ట్యూబు నా చెవికి పెట్టి అడుగుతాండె. మగ్గం కాడ పోగు తెగినా నాకు చెవికే ముందు తెలుస్తాది గదా. జంట మేలని సెప్తే, నెలనెలా సమానం సెయ్యమని షెడ్డుకి వస్తావు. ఆడ నలుగురి ముందర నేనుంటానా? చెవుడని తెలిస్తే ఎవురు బండి ఇస్తారు? పోనీ ఒంటిదే మేలని సెప్పు, పీడా పోతాదని నేనంటే, ఆయప్పకి అబద్ధం నోట్లోకి రాలేదు."

ఒంటిది బిగించిన రోజుల్లో ఆ ఇంటి ముందు ఆగేవాళ్లమే కాదని అప్పుడు గుర్తొచ్చింది. నేను మనిషినేనా అనిపించింది.

"అక్కా, షెడ్డులో నేనొక మాట అన్నాను..."

"సెప్పినాడు. ఆ పొద్దు అన్నం తినలే. 'సారు సరిగ్గానే అడిగినాడులే' అన్నాడు."

నాకు తలెత్తడం చేతకాలేదు. ఆమే లేచి బండి దగ్గరికి వెళ్లింది. "ట్యూబు తెచ్చినావా?" అంది. తెచ్చాను. ఇంజన్ స్టార్ట్ చేసి బానెట్ ఎత్తాను. ఆమె కొంగు నడుముకు దోపుకుని వంగి, ముందు ఒకదాన్ని, తర్వాత రెండోదాన్ని వింది.

"ఎడమది ఎక్కువ పీలుస్తాంది. తిప్పు. ఇంగొంచెం. ఆఁ, సాలు."

దగ్గు ఆగింది. ఇంజన్ నిదానంగా, ఒకే తీరుగా తిరగసాగింది. పని అయిపోయింది. ఆమె మాత్రం ట్యూబు చెవి దగ్గరి నుంచి తీయలేదు. కళ్లు మూసుకుని, ఒకదాని మూతి నుంచి రెండోదానికి, మళ్లీ మొదటిదానికి మారుస్తూ వింటూనే ఉంది. ఇంజన్ ఆపడానికి తాళం మీదికి నా చెయ్యి పోలేదు.