తలకిందులుగా పెట్టిన పేరు

మునిరామయ్య పదేళ్ళు ఊరూరా తిరిగి పశువుల మందులు రాసుకున్న నోటుపుస్తకాన్ని ఒక మిట్టదారు, అంటే మా పక్క చిన్న జమీందారు, చదివి ఇస్తానని తీసుకుని, తన పేరుతో అచ్చుకిచ్చినాడు. ఆ పని వచ్చింది చిత్తూరులో మునిరామయ్య కంపోజిటరుగా ఉన్న ప్రెస్సుకే. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, తన పుస్తకాన్ని తన చేతులతోనే పేర్చినాడు. మొదటి పేజీ వెనక 'సర్వహక్కులు గ్రంథకర్తవి' అని పేర్చిందీ ఆయనే. నోరెత్తితే ఉద్యోగం పోతుందని ఊరుకున్నాడు. నేనైతే తగలబెట్టేవాణ్ణి. నా కోపానిదేం పోయింది, పస్తుండేది ఆయన పిల్లలు.

తప్పులు దిద్దుకుని పారేసిన ప్రూఫు కాగితాలు ఏరుకుని చదవడానికి నేనక్కడికి పోయేవాణ్ణి. నాకు బడి అదే.

నలభై రెండులో ఆయన రెండో పుస్తకం మొదలుపెట్టినాడు. చివర ఒక పట్టిక చేర్చినాడు. ఏ మందు ఎవరు చెప్పినారు, ఏ ఊరు, పుస్తకంలోదైతే ఎవరు అచ్చేసినారు, హక్కు ఎవరిది, అనుమతి ఎవరిచ్చినారు, అన్నీ. గాలికుంటు మందు దగ్గర ఇలా ఉంది: 'ఏర్పేడు ధనంజయ గారి తాళపత్రం. ప్రస్తుతం చిత్తూరులో వారి అక్క రుక్మిణమ్మ గారి ఇంట ఉన్నది.'

ఆగస్టులో, క్విట్ ఇండియా గొడవల్లో, ఏర్పేడు దగ్గర ఎవరో తంతి తీగలు తెంచినారు. పోలీసులు ధనంజయను వెతుకుతున్నారు. ఆయన దాక్కున్నది ఆ అక్క ఇంట్లోనే. బయటివాళ్ళలో ఆ సంగతి తెలిసింది మా ఇద్దరికే.

ఒక పొద్దున పోలీసులు కరపత్రాల కోసం ఎదుటి ప్రెస్సులో దూరినారు. తడి ప్రూఫులు కూడా చదువుతున్నారు. ఆ వరుస పీకేయమని బతిమాలినాను.

"పీకేస్తే ఆయప్ప లేనట్టే గదప్పా. నాకు జరిగిందే ఆయప్పకూ," అన్నాడు.

ప్రెస్సులో ఏదైనా అక్షరం చాలకపోతే, ఆ చోటు పోకుండా ఇంకో అక్షరాన్ని తలకిందులుగా నిలబెడతారు. ప్రూఫులో దాని అడుగు నల్లటి గుర్తుగా పడుతుంది. మునిరామయ్య ఆ పేరునూ, ఇంటి జాడనూ అక్షరం అక్షరం తిప్పేసినాడు. ఒకటి జారి కిందపడింది. ఏరుకునే లోపల బూట్ల చప్పుడైతే దాన్ని కాలికింద తొక్కిపట్టినాడు.

ఇన్‌స్పెక్టరు అప్పటికప్పుడు ప్రూఫు తీయించినాడు. వేలు నల్లగుర్తుల దగ్గర ఆపి, ఇదేమని అడిగినాడు.

"అక్షరాలు సాల్లేదు సామీ. యుద్ధం గదా, సీసం దొరకలేదు," అన్నాడు మునిరామయ్య.

ఇన్‌స్పెక్టరు నా ముఖం చాలాసేపు చూసినాడు. తర్వాత ప్రూఫు కిందపడేసి పోయినాడు. మునిరామయ్య మధ్యాహ్నం దాకా ఆ కాలు ఎత్తలేదు.

ధనంజయ మర్నాడే ఎటో పోయినాడు. మళ్ళీ జాడ లేదు. ఆ అక్క ఇంటికి ముప్పు రాకుండా పుస్తకం నల్లగుర్తులతోనే అచ్చయి వచ్చింది.

నలభై నాలుగులో చిత్తూరు బస్సుల దగ్గర మునిరామయ్యను కడసారి చూసినాను. అటూ ఇటూ చూసి ఆ పుస్తకం ప్రతి ఒకటి నా చేతిలో పెట్టినాడు.

"ఆ నల్లగుర్తుల్లో ఎవరుండేదీ నీకు తెలుసు. భయం పోయిన దినం ఆ పేరు రాయప్పా. పెన్సిలుతో వద్దు, సిరాతో."