ఎంకపల్లి గులాబీలకు బేగం పెట్టిన షరతు

2005 డిసెంబర్‌లో నన్ను మొయినాబాద్–చేవెళ్ల రూటుకు టూర్ ఆఫీసర్‌గా వేశారు. మాది హైదరాబాద్‌లో ఒక చిన్న పర్యటనల సంస్థ. వారమంతా కంప్యూటర్ల ముందు కూర్చునే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులను శనివారం బస్సెక్కించి, ఊళ్ల వెంట తిప్పి, పొద్దుగూకేలోపు గచ్చిబౌలిలో దించడం మా పని. ఊరికే తిప్పితే ఎవరూ రారు కనుక ప్రతి పర్యటనకూ ఒక అంశం ఉండేది. ఒక వారం చరిత్ర, ఒక వారం జానపద గాథలు, ఒక వారం తోటలూ కవిత్వమూ. ఆఫీసర్ అన్న మాట చూసి పెద్ద హోదా అనుకోకండి. నా కింద ఒక మైకు, ఒక మందుల పెట్టె, ఒక కట్ట వాంతి కవర్లు మాత్రమే పనిచేసేవి.

అప్పటికి నా ప్రొబేషన్ చివరి వారం. ఆ శనివారం మా మేనేజర్ సుజాత మేడం స్వయంగా బస్సెక్కారు. ఆమె రాసే నివేదికతో నా ఉద్యోగం ఉండేదీ ఊడేదీ తేలుతుంది. ఊడితే మళ్లీ ప్రైవేటు బడిలో చరిత్ర పాఠాలు చెప్పుకోవాలి. అక్కడ పిల్లలు నా చరిత్రను పుస్తకంతో పోల్చి చూసేవారు. అందుకే ఆ బడి మానేశాను.

ఆ రోజు అంశం ‘గులాబీల నడుమ కవిత్వం’. ఎంకపల్లిలో ఒక గులాబీ తోట, వేల పూలు, వాటి మధ్య నిలబడి నేను స్వయంగా రాసిన పద్యాలు చదవడం. పూలకు పారిపోయే వీలు లేదన్న ధైర్యంతోనే రాశాను.

బస్సు వెళ్లేముందు ఆఫీసర్ ఒక్కడే వెళ్లి దారి, నీళ్లు, మరుగుదొడ్డి, చూపించాల్సిన వస్తువు చూసి రావడాన్ని మా వృత్తిలో రెక్కీ అంటారు. నేనూ చేశాను. సంస్థ కారు తెల్లవారుజామున మాత్రమే ఖాళీగా దొరకడంతో ఆరున్నరకల్లా తోటలో ఉన్నాను. ప్రతి కొమ్మకూ ఎర్రటి మొగ్గ. ‘పూలు: పుష్కలం’ అని రాసుకుని వచ్చేశాను.

శనివారం పదిన్నరకు ముప్పై రెండు మందితో తోటలోకి అడుగుపెట్టాం. పాలిథిన్ కప్పిన పెద్ద షెడ్డు. లోపల ఆకులున్నాయి, ముళ్లున్నాయి. పువ్వు ఒక్కటీ లేదు.

కోత పనులు చూసే ఎల్లవ్వను పక్కకు పిలిచి పూలెక్కడికి పోయాయని గొంతు తగ్గించి అడిగాను.

“పొద్దుగాలనే కోసినం గద సారూ. పట్నంల పూల మార్కెట్‌కు పోయినయ్. విచ్చుకునే దాక ఉంచితే ఎవడు కొంటడు?”

గులాబీ తోటంటే గులాబీ విచ్చుకోకుండా చూసుకునే చోటని నాకు అప్పుడు తెలిసింది. ఆమె తన గోడు కూడా చెప్పుకుంది. కూలీలంతా పక్కనున్న మోకిలలో ఇళ్లు కట్టే పనులకు పోయారట, కలుపు మోకాలెత్తు పెరిగిందట, రేపు మందు కొట్టేలోగా తీయకపోతే యజమాని ఊరుకోడట. నాకు ఆమె కలుపు మీద ధ్యాస ఎక్కడిది? వెనకాల మేడం పెన్ను మూత తీయడం వినిపించింది.

మైకు అందుకున్నాను. నవాబుల కాలంలో ఒక బేగం పల్లకీలో చిల్కూరు మీదుగా పోతూ ఇక్కడ ఆగిందనీ, ఆమెను చూసి గులాబీలు సిగ్గుతో ముడుచుకుపోయాయనీ, నాటి నుంచి ఈ మట్టిలో పువ్వు అతిథుల కంటపడదనీ చెప్పాను. పల్లకీకి పదహారు మంది బోయీలను కూడా పెట్టాను.

కిరణ్ అనే కుర్ర ఇంజనీరు తలెత్తి, ఈ షెడ్డు మీద రెండేళ్ల కిందటి తేదీ అచ్చేసి ఉందేమిటని అడిగాడు. షెడ్డు కొత్తదీ, సిగ్గు పాతదీ అన్నాను. అతను తృప్తి పడక ఎల్లవ్వ వైపు తిరిగాడు.

“అవ్వా, సార్ చెప్పింది నిజమేనా?”

మేడం కూడా తలెత్తారు. ఎల్లవ్వ నన్నొకసారి చూసింది, కలుపునొకసారి చూసింది.

“నిజమే బిడ్డా. గని సారు సగమే చెప్పిండు. బేగం పోతపోత ఒక షరతు పెట్టింది. చూడొచ్చినోళ్లు తలా ఒక సాలు కలుపు తీస్తేనే గులాబి మొఖం చూపెడ్తది. ఉత్తగ నిలబడితే చూపెట్టది.”

“బేగంకు కలుపు సంగతేం తెలుసు?” అన్నాడు కిరణ్.

“బేగమైతే ఏంది, గడ్డి కనబడదా?”

ముందు ఒకరిద్దరు నవ్వుతూ వంగారు. పావుగంటలో ముప్పై రెండు మందీ సాళ్లలో ఉన్నారు. మా సాలు ముందంటే మా సాలు ముందని పందెం వేసుకున్నారు. ఒకాయన గరికను వదిలి గులాబీ మొదలు పట్టుకుంటే, అది కాదు బిడ్డా, దాని పక్కదని ఎల్లవ్వ చేయి పట్టి చూపించింది. మేడం చీర కుచ్చిళ్లు దోపుకుని దిగారు. నేను మైకుతో పర్యవేక్షిద్దామనుకున్నాను.

“నీకు షరతు లేదా సారూ? ఆ మూల సాలు నీదే,” అంది ఎల్లవ్వ.

గంటన్నరకు నేల శుభ్రమైంది. ఎల్లవ్వ వెనక కొట్టం నుంచి రెండు గంపలు తెప్పించింది. నిండా పూర్తిగా విచ్చుకున్న గులాబీలు. మార్కెట్ తీసుకోని పూలను అలా పక్కన పడేస్తారట. తలా ఒకటి చేతిలో పెట్టి, బేగం మాట తప్పలేదు చూడండి అంది. కిరణ్ తన పువ్వును మట్టి చేతులతోనే అందరికీ చూపించాడు. నా పద్యాలు ఎవరూ అడగలేదు. జేబులోనే ఉండిపోయాయి.

తిరుగు బస్సులో మేడం, మీ బేగం వాళ్లను నిలబెట్టింది, అవ్వ బేగం వాళ్లను వంచింది అన్నారు. సోమవారం ఉత్తర్వు వచ్చింది. నా ప్రొబేషన్ మూడు నెలలు పొడిగించారు. అదే కాగితంలో ఎల్లవ్వను ఆ రూటుకు ‘స్థానిక కథకురాలి’గా తీసుకున్నారు. ఆమెకు ప్రొబేషన్ లేదు.

మూడు నెలల తర్వాత నన్నూ ఖాయం చేశారు. యాభై ఏళ్లు నిండకముందే మానుకున్నాను గానీ, అప్పటిదాకా అదే పనిలో ఉన్నాను, చాలా కథలు కల్పించాను. వినేవాడి చేతికి పనేమీ ఇవ్వకపోతే అతను కథలో తప్పులు వెతుకుతాడు. ఎల్లవ్వ దగ్గర నేర్చుకున్నది అదే. ఆ తర్వాత చేతికి పని పెట్టని కథ ఒక్కటీ చెప్పలేదు.