రంజన్ కింద దాచిన బ్లాక్

కరోనా సద్దుమణిగాక వచ్చిన రెండో ఎండాకాలం. కరీంనగర్‌లోని మా పాథాలజీ ల్యాబ్‌కు చిరిగిన బట్టలకు రఫు చేసే యూసుఫ్ భాయ్, ఆయన కూతురు నస్రీన్ వచ్చారు. నేనక్కడ ఇరవై ఏళ్లుగా టెక్నీషియన్‌ని. రోగి గడ్డ నుంచి తీసిన ముక్కను పారాఫిన్ అనే మైనంలో పొదిగి గట్టిపరచడం నా పని. ఆ మైనపు బిళ్లనే బ్లాక్ అంటాం.

నస్రీన్ తల్లి, పిన్ని ఇద్దరూ చిన్న వయసులోనే రొమ్ము క్యాన్సర్‌తో పోయారు. నస్రీన్‌కు అప్పుడు ముప్పై, చంకలో ఆడపిల్ల.

"నాకు సుత వస్తదా మేడం?" అదొక్కటే ఆమె ప్రశ్న.

హైదరాబాద్ డాక్టరు బీఆర్‌సీఏ జీన్ పరీక్ష రాశారు. అదేమిటో వాళ్లకు నేనే చెప్పాను. మన కణాల్లో డీఎన్‌ఏ రోజూ ఎక్కడో ఒకచోట తెగుతూనే ఉంటుంది. దాన్ని సరిచేసే జీన్లలో ఇదొకటి. దీనికి రెండు ప్రతులుంటాయి. ఒకటి పుట్టుకతోనే చెడిపోయి వచ్చి, రెండోది తర్వాతెప్పుడో పాడైతే, తప్పులు పేరుకుపోయి కణం దారి తప్పవచ్చు.

"అంటే చినుగులు పడుతనే ఉంటయి, రఫు చేసేటోడే లేడన్నట్టు" అన్నాడు యూసుఫ్ భాయ్. ఇన్నేళ్లలో నేనెవరికీ అంత బాగా చెప్పలేకపోయాను.

తల్లిలో ఏ లోపం ఉందో తెలిస్తే, అది కూతురికి వచ్చిందో లేదో గట్టిగా చెప్పొచ్చు. దానికి తల్లి బ్లాక్ కావాలి. రిజిస్టర్ తీస్తే, ఎనిమిదేళ్ల కిందటే వాళ్లకు ఇచ్చేశామని ఉంది. నాకు నీరసం వచ్చింది. జనం ఎక్స్‌రేలన్నా దాస్తారుగానీ బ్లాకులు దాయరు. దాచినా, రేకుల ఇంట్లో మన ఎండలకు మైనం ఆగుతుందా?

"ఉన్నది మేడం" అన్నాడాయన. మర్నాడు చిన్న ప్లాస్టిక్ డబ్బాలో తెచ్చాడు. బ్లాక్ చెక్కుచెదరలేదు.

"ఎక్కడ పెట్టిన్రు భాయ్?"

"తాగే నీళ్ల రంజన్ కుండ కింద ఇసుకల. ఎండ తగలనియ్యకు, సల్లగ ఉంచుమని మీరే చెప్పిన్రు. ఎన్ని దినాలో చెప్పలే. గందుకే తియ్యలే."

నేనలా చెప్పినట్టు నాకే గుర్తులేదు. సిగ్గేసింది. ఆయన చేతులు పట్టుకోవాలనిపించింది.

తల్లి బ్లాక్‌లో లోపం దొరికింది. నస్రీన్ రక్తంలోనూ అదే ఉంది. తండ్రీకూతుళ్లు మా బెంచీ మీదే కూర్చుని ఏడ్చారు. కానీ ఆ రిపోర్టు వల్లే డాక్టరు ఎమ్మారై చేయించారు. చేతికి తగలనంత చిన్న గడ్డ బయటపడింది. వెంటనే ఆపరేషన్ చేసి ఆ రొమ్ము తీసేశారు. మళ్లీ రాకుండా రెండో రొమ్ము కూడా తీయించుకోవాలని నస్రీనే నిర్ణయించుకుంది. ఇప్పుడు బిడ్డను తనే స్కూల్లో దింపి వస్తోంది.

మిగిలిన బ్లాక్ తిరిగిస్తూ, "దీనితోని ఇంక పని లేదు భాయ్, పారేసినా ఫికర్ లేదు" అన్నాను.

"ఎట్ల పారేస్త మేడం? బిడ్డను తల్లే బతికిచ్చుకున్నది."

అప్పటి నుంచి ఎవరికి బ్లాక్ ఇచ్చినా లేచి నిలబడి, ఎందుకు దాచాలో, ఎట్లా దాచాలో ఓపిగ్గా చెబుతున్నాను. నాకు ఆ పని నేర్పిన యూసుఫ్ భాయ్‌ని మనసులో తలుచుకోని రోజు లేదు. ఎన్ని రోజులని ఎవరైనా అడిగితే, "మీ పిల్లలు పెద్దయ్యేదాక" అంటాను.