వేడెక్కని ఇస్త్రీపెట్టె

కరోనా తగ్గి బళ్లు మళ్లీ తెరిచిన ఏడాది. కంభం బస్టాండు దగ్గర నాకు రిపేరు దుకాణం ఉంది. మిక్సీలు, ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు బాగుచేస్తాను. ఇరవై ఏళ్ల పనిలో సరిగా చేయలేదని తిట్లు తిన్న రోజులున్నాయి. చక్కగా బాగుచేసినందుకు ఒక మనిషి నా ముందు ఏడవడం మాత్రం ఆ ఒక్కసారే చూశాను.

ముందు వచ్చింది తల్లి, సువార్తమ్మ. కూలి పనులకు పోయే మనిషి. పాత ఇస్త్రీపెట్టె ఒకటి బల్లమీద పెట్టింది.

"అబ్బయ్యా, ఇది వేడెక్కడంలే. కూతురు దీంతో ఏందో తంటాలు పడతాండాది. బడి నుంచి వచ్చేలోగా బాగుచేసియ్యి."

కూతురు కరుణ ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచరట.

తిప్పి చూస్తే అడుగున రంగురంగుల మైనం అంటుకుని ఉంది. ఇదెక్కడి ఇస్త్రీరా నాయనా అనుకున్నాను. విప్పితే థర్మోస్టాట్ పాడైంది. పెట్టె తగినంత వేడెక్కగానే కరెంటు ఆపే చిన్న బిళ్ల అది. ఇందులో అది బట్ట ముడత పోయేంత వేడి రాకముందే ఆపేస్తోంది. కొత్తది వేశాను. మైనమంతా గీకి అద్దంలా తుడిచి ఇచ్చాను. సువార్తమ్మ దీవించి పోయింది.

మర్నాడు కరుణ వచ్చింది. చేతిలో ఇస్త్రీపెట్టె, చంకలో గుడ్డ చుట్టిన చెక్కపలక.

"అన్నా, పాత బిళ్ల ఏం చేసినావు?"

"డబ్బాలో వేసినా. ఏం తల్లీ, కొత్తది కాలడంలేదా?"

"కాల్తాంది! అదే గదా!" అని గుడ్డ విప్పింది.

పలకమీద బొమ్మ. కంబళి కప్పుకున్న ఒకాయన, చేతిలో కర్ర, వెనక గొర్రెలు. మెడపైన మాత్రం ముఖం లేదు. గోధుమరంగు మరక ఉంది.

ఆమె తేనెమైనం కరిగించి, రంగు కలిపి, వేడి పెట్టెతో చెక్కమీద పరుస్తుందట. నిన్న రాత్రి ఎప్పటిలాగే వేడి మీట చివరిదాకా తిప్పింది. మైనం పొగలు కక్కి ముఖం జారిపోయింది.

"మా నాయన. ఫోటో అంటే ఆధార్ కార్డులో ఉండేదొక్కటే. అందులో ఆయన మాదిరే లేడు. నెల పట్టింది, ఇప్పటికి కుదిరింది. ఆదివారం, పోయిన ఆయనకు జ్ఞాపకార్థ కూడికన్నా," అంటూ ఏడ్చేసింది.

బాగుచేయడం తప్పెట్లా అవుతుంది?

"మీట తగ్గించి వాడుకో తల్లీ."

"వాడి చూసినా. కాసేపు మండుతాది, కాసేపు చల్లబడతాది. పాతది ఒకే తీరుగా ఉండేది."

"పోనీ, మామూలు రంగులతో వేసుకోరాదా?"

"రంగు ఆరితే అయిపోయె. మైనం వేడి తగిలితే మళ్లీ కదుల్తాది. నాయన కాడ కూర్చున్నట్టు ఉంటాది. తొందరగా అయిపోకూడదనిపిస్తాది."

అర్థమైనట్టూ ఉంది, కానట్టూ ఉంది. ముఖం జారిపోయిందని ఏడుస్తున్న మనిషే, జారిపోయే మైనమే కావాలంటోంది!

డబ్బా బోర్లిస్తే అలాంటి బిళ్లలు పదికి పైనే ఉన్నాయి. నేను ఒక్కొక్కటీ బిగించడం, ఆమె మైనం ముక్క ఆనించి చూడడం. "పొగొస్తాంది." "ఇది కరగడంలే." ఐదోదానికి మైనం మెత్తగా కరిగి, పొగ లేకుండా నిలిచింది.

"ఇదే అన్నా!"

బిళ్ల మొనల మీద మసి కనిపించింది. అలవాటు ఊరుకుంటుందా? చెయ్యి గరుకు కాగితం మీదికి పోయింది.

"ముట్టుకోవద్దన్నా!" అని కేకేసి నా మణికట్టు పట్టుకుంది.

అది ఆ మసి వల్ల అలా పనిచేసేదో, లోపలి రేకు వంగడం వల్లో, నాకిప్పటికీ తెలియదు. చెడినదాన్ని చెడినట్టే బిగించాను.

ఆదివారం కూడికకు నేనూ పోయాను. ముఖం మళ్లీ వచ్చింది. సువార్తమ్మ చాలాసేపు చూసి, "ఆయన ముక్కు ఇట్ల ఉండదు," అంది. అంటూనే చెయ్యి చాచి, బొమ్మలో ఆయన భుజం మీద కంబళి సర్దబోయింది.

అప్పటినుంచి ఎవరేది తెచ్చినా ముందు "దీంతో ఏం చేస్తారు?" అని అడుగుతాను. "ఇస్త్రీపెట్టెతో ఇడ్లీ వండుతామా?" అని నవ్వుతారు. నవ్వనీ. దుకాణం బోర్డుమీద 'అన్నీ బాగుచేయబడును' అని రాయించుకున్నవాణ్ణి నేనే. కరుణ పెట్టెకు చీటీ అంటించి, 'దీన్ని బాగుచేయరాదు' అని నా చేత్తోనే రాశాను.