విప్పడానికి వీల్లేని దారం

ఇది అణుబాంబు కథ. ఇందులో దేశాల సరిహద్దులున్నాయి, ముఖం చూపించని కొనుగోలుదారుడున్నాడు, ఢిల్లీలో నిపుణుల సంఘం ఉంది, మధ్యలో మానవాళి భవిష్యత్తు ఉంది. ఊపిరి బిగబట్టి చదవండి అని మొదలుపెడదామనుకున్నాను. కానీ రాస్తూ చూసుకుంటే బాంబు ఎక్కడా కనబడలేదు. ఎవరూ ఎవరినీ తరమలేదు. నేను కుర్చీలోంచి లేచిన సందర్భాలు కూడా చాలావరకు చాయ్ కోసమే. 2023 వానాకాలం, సూరత్, రింగ్ రోడ్డు పక్కన రెండో అంతస్తులో ఒక కస్టమ్స్ బ్రోకర్ ఆఫీసు. కాబట్టి ఊపిరి మామూలుగానే తీసుకోండి.

కస్టమ్స్ బ్రోకర్ అంటే, సరుకు విదేశానికి పంపేవాళ్ళ తరఫున కాగితాలు తయారుచేసి పోర్టు దాటించేవాడు. మా ఆఫీసులో ఆ బ్రోకర్ హితేశ్ భాయ్. కాగితాలు తయారుచేసేది నేను. నా పేరు శిరీష. సూరత్‌లోనే పుట్టాను, అమ్రోలిలో ఉంటాం. మా నాన్న సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసి రిటైరయ్యాడు. మా అమ్మ ఇంట్లో దారం కండెలు చుట్టేది. మా ఆఫీసు నుంచి వెళ్ళేవి చీరలు, లేసులు, డ్రెస్ మెటీరియల్. వీటివల్ల ప్రపంచశాంతికి ఇంతవరకు ఏ ప్రమాదమూ రాలేదు.

ఒకరోజు నర్సయ్య కాక వచ్చాడు. ఆయన మా నాన్నకు పాత దోస్తు. సిరిసిల్ల నుంచి సాంచాలు నడపడానికి వచ్చి, పాడైనవి బాగుచేస్తూ, చివరికి ఇక్కడి పాండేసరాలో సొంతంగా దారం చుట్టే మిషన్లు తయారుచేసే కార్ఖానా పెట్టాడు. ఇల్లు వడోద్‌లో. ఆయన మిషన్లు సూరత్ దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. ఇప్పుడు మొదటిసారి విదేశం నుంచి ఆర్డరు వచ్చింది. సంచీలోంచి కాగితాలతోపాటు పెట్టెడు స్వీట్లు కూడా తీశాడు.

"ఒక్క మాట బేరమాడలే బిడ్డా," అన్నాడు. "నేను చెప్పిన రేటుకే సై అన్నరు. ఫిట్టరును పంపాల్నా అంటె వద్దన్నరు. ట్రైనింగు వద్దన్నరు. గసువంటి మర్యాదగల్ల పార్టీని నా జిందగీల చూడలే."

నాక్కూడా అలాంటి పార్టీని చూసిన గుర్తు లేదు. సూరత్‌లో సూది కొనేవాడు కూడా దారం ఉచితంగా అడుగుతాడు. మిషను కొనేవాడైతే ఫిట్టరును నెలరోజులు తన దగ్గరే పెట్టుకుని, వాడి చేత ఇంట్లో మిక్సీ కూడా బాగుచేయించుకుని పంపుతాడు.

ఇన్వాయిస్ చూశాను. 'టెక్స్‌టైల్ యార్న్ వైండింగ్ మెషీన్' అని ఉంది. కింద పెట్టిన ఫొటోలో మాత్రం కండెల్లేవు, కోనులు లేవు. వాటి స్థానంలో అడ్డంగా తిరిగే పొడుగాటి ఇనుప కడ్డీ ఉంది. పక్కన కంప్యూటరు తెర, ఒక తొట్టి.

"కాకా, ఈ తొట్టి ఏంది?"

"గదాంట్ల గమ్ము పోస్తరు. రెసిన్ అంటరు గదా, గది. దారం గండ్ల మునిగి పోయి కడ్డీకి చుట్టుకుంటది."

"గమ్ముల ముంచి చుట్టినంక మళ్ళ ఎట్ల విప్పుతరు?"

"విప్పరు. గట్టిపడ్డంక కడ్డీ గుంజేస్తరు. గొట్టం మిగులుతది. నల్ల దారం బిడ్డా, కార్బన్ అంటరు. గీ ఆర్డరు కోసమే చేసిన."

నేను స్వీటు కింద పెట్టాను. మా అమ్మ జీవితమంతా దారం చుట్టింది. కానీ అదంతా మళ్ళీ ఎవరో మగ్గం మీద విప్పడానికే. విప్పడానికి వీల్లేకుండా చుట్టేదాన్ని బట్టల మిషను అనరు. దాన్ని ఫిలమెంట్ వైండింగ్ మెషీన్ అంటారు. ఆ మాట నేను ఒక సెమినార్‌లో విన్నాను. నన్ను ఆ సెమినార్‌కి పంపడానికి కారణం నా ప్రతిభ కాదు. ఆ రోజు హితేశ్ భాయ్ మేనకోడలి పెళ్ళి.

అక్కడ చెప్పింది క్లుప్తంగా ఇది. మామూలు పనికీ, ఆయుధాల పనికీ రెండింటికీ ఉపయోగపడే వస్తువును డ్యూయల్ యూజ్ అంటారు. అలాంటివన్నీ మన ప్రభుత్వం స్కోమెట్ అనే జాబితాలో పెట్టింది. అందులో ఉన్నదేదీ ఢిల్లీ అనుమతి లేకుండా దేశం దాటకూడదు. జాబితాలో లేకపోయినా, ఆయుధాలకు వాడతారన్న అనుమానం ఉంటే అప్పుడూ ఆగి అడగాల్సిందే. యురేనియాన్ని బాంబుకు పనికొచ్చేలా చేయాలంటే సెంట్రిఫ్యూజులు కావాలి. వాటిలో విపరీతమైన వేగంతో తిరిగే సన్నటి గొట్టాలుంటాయి. అవి తేలిగ్గా, చాలా గట్టిగా ఉండాలి. వాటిని కార్బన్ దారంతో చుట్టి చేయొచ్చు. అలాంటి మిషను మీదే చేపల గాలం కర్రా చేయొచ్చు, మంటలార్పేవాళ్ళు వీపున మోసే గాలి సిలిండరూ చేయొచ్చు. మిషనుకు ఆ తేడా తెలియదు కాబట్టి ప్రభుత్వం మనుషుల్ని అడుగుతుంది.

ఇదంతా నర్సయ్య కాకకు చెప్పాను. ఆయన ఇన్వాయిస్ మీది ఫొటోను తన వైపు తిప్పుకున్నాడు.

"అంటె నా మిషనుతోటి బాంబు జేస్తరా?"

"చేస్తరని కాదు కాకా. చెయ్యొచ్చని."

"నా మిషను?" ఆయన గొంతులో కోపం ఉంది. పక్కనే కొంచెం గర్వం కూడా ఉంది, దాచుకోవడానికి చేసిన ప్రయత్నం ఫలించలేదు. "పాండేసరాల నా మిషను దారం తెంపుతదని లొల్లి జేస్తరు గదనే."

హితేశ్ భాయ్ క్యాబిన్‌లోంచి తొంగిచూశాడు. "శిరీషాబేన్, టెక్స్‌టైల్ మషీన్ ఛే నే? జవా దో నే," అన్నాడు. బట్టల మిషనే కదా, పోనివ్వమని అర్థం. సూరత్ వ్యాపారంలో ఒక మర్యాద ఉంది. కొనేవాణ్ణి 'నీకిది ఎందుకు' అని అడగకూడదు. చీర ఎవరికి అని అడిగితే కొట్టు మూసుకోవాల్సి వస్తుంది. హితేశ్ భాయ్ ఆ మర్యాదలోనే పెరిగాడు.

"పోనిస్త భాయ్," అన్నాను. "రేపు దొరికితే కాక జైలుకు పోతడు, మన లైసెన్సు పోతది, నాకు మాత్రం వేరే నౌకరి దొరుకుతది."

హితేశ్ భాయ్ తల లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి లోపల్నుంచే వినబడింది. "పూఛీ లో."

అడగమన్నాడు కాబట్టి అడిగాను. సరుకు వెళ్ళేది ఒక ఎడారి ఓడరేవులోని ట్రేడింగ్ కంపెనీకి. వాళ్ళు కొని మరొకరికి ఇస్తారు. ఆ మరొకరు ఎవరు, మిషనుతో ఏం తయారుచేస్తారు అని మెయిల్ పెట్టాను. గాలం కర్రలు అని జవాబొచ్చింది. ఏ ఫ్యాక్టరీ అని అడిగితే, జెండా కర్రలు అని జవాబొచ్చింది. మూడోసారి అడిగాక, దయచేసి సరుకు త్వరగా పంపండి అని వచ్చింది.

ఆ పార్టీలో ఏదో తేడా ఉందంటే నర్సయ్య కాక మాత్రం నమ్మలేదు. మిషను అప్పటికే పెట్టెల్లో పెట్టి మేకులు కొట్టేశారు. ఈ ఆర్డరు నిలబడితే ఆయన ఎగుమతిదారుడు, లేకపోతే మళ్ళీ ఇతరుల పాత మిషన్లు బాగుచేసే మేస్త్రి. ఆయన బాధ నాకు తెలుసు. ఆయనకు తెలియాల్సింది నేను చెబితే తెలిసేది కాదు. అందుకని ఆ ట్రేడింగ్ కంపెనీ ఏజెంటుకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను.

ఏజెంటు హిందీ బాగానే మాట్లాడాడు. కాక కూడా మర్యాదగానే మొదలుపెట్టాడు. ఆ సంభాషణ తెలుగులో ఇలా ఉంటుంది.

"సేఠ్, గొట్టం ఎంత లావు, ఎంత పొడుగు చుట్టుతరో చెప్పుండ్రి. దారం బిగువు గట్ల పెట్టి పంపిస్త."

"అవసరం లేదు."

"బిగువు తప్పితె దారమంత లేస్తది. గొట్టం ఖరాబైతది."

"మావాళ్ళు చూసుకుంటారు."

"మీవాళ్ళకు ఎట్ల తెలుస్తది? నేనే వస్త. టికెట్ నాదే, తిండి నాదే. పైసలు వద్దు. మీ ఫ్యాక్టరీల పెట్టి, నడిపి చూపించి వస్త."



"రావద్దు," అన్నాడు ఏజెంటు. "పెట్టెలు పంపండి చాలు."

ఫోన్ పెట్టేశాక కాక కిటికీ బయట ఫ్లైఓవర్ వైపు చూస్తూ కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఆయన మిషన్లు బిగిస్తున్నాడు. ఉచితంగా వస్తానన్న ఫిట్టరును వద్దన్న మనిషి ఆయనకు తగలడం అదే మొదలు.

"మిషను ఎట్ల నడుస్తదో అడగలే," అన్నాడు నెమ్మదిగా. "ఎవ్వడన్న అడుగుతడు. దొంగతనం జేసినోడు సుత అడుగుతడు."

తర్వాత తన కార్ఖానాకు ఫోన్ చేశాడు. "పెట్టెల మేకులు పీకుండ్రి," అన్నాడు. అంతే. ఈ కథలో వీరోచితమైన ఘట్టం ఏదన్నా ఉంటే ఇదే. ఆ వెంటనే ఆయన తెచ్చిన స్వీట్లు తిరిగి సంచీలో పెట్టుకున్నాడు కాబట్టి, నేను దాన్ని పూర్తిగా ఆస్వాదించలేకపోయాను.

అడ్వాన్సు వెనక్కి పంపించాం. జరిగింది ఢిల్లీలోని లైసెన్సు కార్యాలయానికి రాశాం. తెలియజేసినందుకు ధన్యవాదాలు, ఆ పార్టీకి ఏమీ పంపవద్దు అని సమాధానం వచ్చింది. వాళ్ళు నిజంగా ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. నిజంగానే జెండా కర్రలు చేసేవాళ్ళయినా కావచ్చు. అలాంటప్పుడు జెండా కర్రల విషయంలో అంత రహస్యం పాటించే దేశం ఏదో చూడాలని ఉంది.

ఇక్కడితో కథ అయిపోతే నేను రాసేదాన్ని కాదు. సరుకు ఆపడం ఎవరైనా చేస్తారు, మా పోర్టులో ఆ విద్యలో ఆరితేరినవాళ్ళున్నారు. మిషను కార్ఖానా మూలన గుడ్డ కప్పుకుని కూర్చుంది. పాండేసరాలో కాకకు 'బాంబు సేఠ్' అని పేరు పడింది. చాయ్ దుకాణం దగ్గర ఆయన రాగానే ఎవరో ఒకరు బెంచీ కింద దూరేవారట. "నవ్వుండ్రి బిడ్డా, నవ్వుండ్రి," అనేవాడట కాక. "బాంబు సేఠ్ అన్నోని చాయ్‌కు పైసలు నేనియ్య."

కొన్ని నెలలకు యూరప్‌లోని ఒక చిన్న ఊరి నుంచి విచారణ వచ్చింది. మంటలార్పే సిబ్బంది వీపున మోసే గాలి సిలిండర్లు తయారుచేసే కంపెనీ. వాళ్ళు అడిగినన్ని ప్రశ్నలు మా నాన్న నా పెళ్ళిచూపుల్లో కూడా అడగలేదు. దారం బిగువు ఎంత, తొట్టి కడగడం ఎలా, ఫిట్టరు ఎన్ని రోజులుంటాడు, అతను శాకాహారా. రేటు మీద మాత్రం కాకను ఏడిపించారు. ఆయన ఏడుస్తూనే సంబరంగా ఫోన్ చేశాడు. "ఈళ్ళు అసలు పార్టీ బిడ్డా. నెత్తురు తాగుతున్నరు."

ఈసారి ఇన్వాయిస్ మీద ఫిలమెంట్ వైండింగ్ మెషీన్ అనే రాసి అనుమతికి దరఖాస్తు పెట్టాను. దానికి ఎండ్ యూజ్ సర్టిఫికెట్ కావాలి. అంటే మిషను ఎవరు వాడతారో, దేనికి వాడతారో, ఆయుధాలకు వాడబోమని, మరొకరికి ఇవ్వబోమని కొనేవాడు సంతకం చేసి ఇచ్చే హామీ. యూరప్ వాళ్ళు వారంలోపే పంపారు, ఫ్యాక్టరీ ఫొటోలతో సహా. ఢిల్లీలోని నిపుణుల సంఘం నుంచి ప్రశ్నలొచ్చాయి. జవాబులిచ్చాం. మళ్ళీ వచ్చాయి. చివరికి ఒక అధికారి వీడియో కాల్‌లో కాకతోనే మాట్లాడతానన్నాడు. కాక ఇస్త్రీ చొక్కా వేసుకుని, మా ఆఫీసు వాల్ క్యాలెండరు కనబడకుండా కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు.

"ఈ మిషనును అక్కడినుంచి వేరే చోటికి సులభంగా తరలించవచ్చా?" అని అధికారి అడిగాడు.

"సార్, దీన్ని పాండేసరా దాటించనీకె నాకే ఏడాది పట్టేటట్టున్నది," అన్నాడు కాక హిందీలో.

అధికారి నవ్వాడో లేదో తెలియదు, ఆ క్షణంలో మా నెట్ ఆగిపోయింది.

అనుమతి వచ్చింది. నేను తెర మీద చదివి వినిపిస్తే కాక మళ్ళీ చదవమన్నాడు. హితేశ్ భాయ్ క్యాబిన్‌లోంచి పూర్తిగా బయటికి వచ్చాడు, అది సంవత్సరంలో ఒకటి రెండుసార్లు జరిగే విశేషం. మా ఆఫీసు నుంచి స్కోమెట్ అనుమతితో వెళ్ళిన మొదటి సరుకు అది. ఆయన అందరికీ లోచో, అంటే సూరత్ టిఫిను, తెప్పించాడు. తర్వాత ఫోన్లో ఎవరితోనో, "అణు విషయాలు మేం చూస్తాం," అని చెప్పడం విన్నాను.

మిషను బయల్దేరిన రోజు పాండేసరా గల్లీలో చుట్టుపక్కల సాంచాలు ఆపి మరీ జనం బయటికి వచ్చారు. సూరత్‌లో సాంచా ఆగడమంటే కరెంటు పోవాలి, లేకపోతే ఎవరన్నా పోవాలి. ఒకడు లారీ చుట్టూ తిరిగి చూసి, "పేలదు గదా కాకా?" అన్నాడు.

"నీ మీదికి రానియ్యి, చూద్దాం," అన్నాడు కాక. పెట్టెమీద పసుపు కుంకుమ పెట్టాడు. లారీ కదిలాక రోడ్డు మలుపు దాకా దాని వెనకాలే నడిచాడు. తిరిగొచ్చాడు. కళ్ళు తుడుచుకుంటే దుమ్మనుకున్నాం. అప్పటికి మళ్ళీ వానాకాలం వచ్చింది, ఆ కాలంలో పాండేసరాలో దుమ్ముండదు.

హజీరా పోర్టులో అధికారి పెట్టె తెరిపించి, తొట్టి వైపు వేలు చూపించి, "ఇదేంటి, ఇది బట్టల మిషను కాదే?" అన్నాడు. "కాదు సర్," అని అనుమతి పత్రం బల్ల మీద పెట్టాను. ఆయన చదివాడు, వెనక్కి తిప్పాడు, మళ్ళీ ముందుకు తిప్పాడు. సంతకం పెట్టాడు. ఈ ఉద్యోగంలో ప్రశ్న కన్నా ముందు నా చేతిలో జవాబు ఉండడం అదే మొదటిసారి. ఓడ ఎక్కేదాకా అక్కడే నిలబడి చూద్దామనిపించింది. సెక్యూరిటీవాళ్ళు ఒప్పుకోలేదు.

ఇప్పుడు ఆ ఊళ్ళో మంటలార్పేవాళ్ళ వీపుల మీద పాండేసరా మిషను చుట్టిన సిలిండర్లున్నాయి. కాక వెళ్ళి బిగించి వచ్చాడు, ఫొటోల్లో స్వెటరు మీద స్వెటరు వేసుకుని మిషనును పట్టుకుని నిలబడ్డాడు. ఇంకో రెండు దేశాల నుంచి విచారణలొచ్చాయి.

అణ్వాయుధాలు వ్యాపించకుండా ఆపే విధానం అంటే పెద్ద దేశాల పెద్దమనుషులు పెద్ద బల్లల దగ్గర చేసే పని అని నేననుకునేదాన్ని. కొంత నిజమే. కానీ వాళ్ళు రాసిందంతా కిందికి దిగి దిగి, చివరికి సూరత్ లాంటి ఊళ్ళో ఒక గుమాస్తా 'ఇది మీకెందుకండీ' అని అడుగుతుందా లేదా అన్న దగ్గర ఆగుతుంది. నిజాయితీగా కొనేవాడికి ఆ ప్రశ్న అవమానం కాదని, పైగా వాడు జవాబు చెప్పడానికి ఉత్సాహపడతాడని ఈ కేసు నాకు నేర్పింది. ఇప్పుడు మా ఆఫీసులో అందరినీ అడుగుతున్నాను. లేసులు పంపే ఒకావిడ కొంచెం నొచ్చుకుంది.

స్కోమెట్ ఎగుమతి కాగితాలన్నీ ఐదేళ్ళు భద్రపరచాలని నిబంధన. బీరువాలో చోటు లేదు కాబట్టి ఆ ఫైలు ప్రస్తుతం వాటర్ కూలర్ మీద ఉంది. కూలర్ కారుతుంది, అందుకని ప్లాస్టిక్ కవరు తొడిగాం.