నెల్డా వదిన ఉతికిన రాష్ట్రాలు

చలికాలం గడపడానికి టెక్సస్ వెళ్ళే మిన్నెసోటా ముసలాళ్ళు తిరిగొచ్చేటప్పుడు మామూలుగా ఓ సంచీడు నారింజపళ్ళు తెస్తారు. మా అన్నయ్య ఆర్విడ్ పెళ్ళాన్ని తెచ్చాడు. అరవై దాటిన వయసులో, సొంత చెల్లెలినైన నాకు ఒక్క ముక్క ముందుగా చెప్పకుండా. ఏప్రిల్‌లో ఓ రోజు అన్నయ్య ఇంటి వాకిట్లో బండి ఆగింది. ఎర్ర చొక్కా, తోలు బూట్లు వేసుకున్న ఓ గట్టి మనిషి దిగి, తిన్నగా నా దగ్గరికొచ్చి నన్ను కావలించుకుంది. మా ఊళ్ళో చావుల్లో కూడా అంత గట్టిగా పట్టుకోరు. కడుపులో లేనిది కావలించుకుంటే వస్తుందా అని మనసులో అనుకున్నాను.

"నువ్వేనా లవాన్‌వి? మీ అన్న దారిపొడుగునా నీ గురించే చెప్పాడు" అంది.

"ఏం చెప్పాడేంటి?"

"నాకో చెల్లెలుంది అన్నాడు. ఆ మాట డల్లాస్ దగ్గర అన్నాడు. మళ్ళీ అయోవా దాటి మీ రాష్ట్రంలోకి వచ్చేదాకా నోరు విప్పితే ఒట్టు."

నాకు నవ్వాగలేదు. అలా పరిచయమైంది మా నెల్డా వదిన.

ఆమెది పశ్చిమ టెక్సస్. చెట్టన్నది లేక పిట్టలు కూడా కంచె తీగల మీద కూర్చునే ఊరట. వాళ్ళ నాన్నకి కోతయంత్రాలుండేవి. మే నెలలో టెక్సస్‌లో గోధుమ పండగానే బయల్దేరి, పంట ఎటు పండుతూ పోతే అటే కోసుకుంటూ పోయేవాళ్ళు. ఓక్లహోమా, కాన్సస్, నెబ్రాస్కా, రెండు డకోటాలు, చివరికి చలిగాలి మొదలయ్యేవేళకి మోంటానా. కోతవాళ్ళందరికీ వంట, బట్టలుతకడం నెల్డా పని. లంగా కట్టే వయసులో మొదలెట్టి, ఆ కోతవాళ్ళలోనే ఒకణ్ణి పెళ్ళాడి, అతను పోయి యంత్రాలు అమ్మేసేదాకా ప్రతి వేసవీ ఆమెకి అదే దారి. ఆ తర్వాత దక్షిణ టెక్సస్‌లో, మావాళ్ళు చలికాలంలో తమ చక్రాల ఇళ్ళు ఆపుకునే తోటలో వంటశాల నడిపింది. భార్య మార్లిస్ పోయాక ఒంటరిగా అక్కడికెళ్ళిన మా అన్నయ్యకి దొరికింది ఆ వంటశాలలోనే.

పటాలు చూసి రాష్ట్రాలు తెలుసుకున్నవాళ్ళని చూశాను. ఈమె మాత్రం బట్టలుతికిన నీళ్ళు చూసి తెలుసుకుంది.

"ఓక్లహోమాలో నీళ్ళు ఇటుకపొడి కలిపినట్టు దిగుతాయి తల్లీ" అనేది కాఫీ తాగుతూ. "ఆ ఎరుపు చొక్కాని వదలదు, ఆ జనం మనిషిని వదలరు. దారిన పోయేవాణ్ణి ఆపి చల్లటి టీ పోస్తారు. కాన్సస్ నీళ్ళు బూడిదరంగు. అక్కడ బట్ట ఆరేసి వెనక్కి తిరిగితే చాలు, పక్కూళ్ళో వెతుక్కోవాలి, అంత గాలి. అయినా ఆడవాళ్ళు ఆ గాలికి ఎదురు నడిచి చేలోకి వేడివేడి యాపిల్ పై కాల్చి తెచ్చిస్తారు. నెబ్రాస్కాలో తొట్టి అడుగంతా ఇసుకే. వాళ్ళు మాట్లాడరు. బండి చెడితే పిలవకుండా వస్తారు, బాగుచేస్తారు, చెప్పకుండా పోతారు. ఉత్తర డకోటా నీళ్ళా, అచ్చం కాటుక. ఆ నల్లమట్టిలో చెప్పు పాతినా మొలుస్తుంది."

"మరి మా మిన్నెసోటా?"

"మీ దగ్గర ఉతకడానికి మట్టేది? సగం ఏడాది మంచు, సగం ఏడాది నీళ్ళు. ఇన్ని చెరువులు ఎవరు పారబోసుకున్నారు ఇక్కడ? మా ఊళ్ళో నాలుగు చినుకులు పడితే అరుగు మీద కుర్చీలేసుకుని చూస్తాం."

నేల సంగతి సరే, మనుషులతోనే వచ్చింది తంటా. మా జిల్లాలో గోధుమకన్నా మొహమాటం బాగా పండుతుంది. ఎవరైనా ఏదైనా పెడితే మొదటిసారి వద్దనాలి. రెండోసారి "అయ్యో, నాకెందుకు, మీకుంచుకోండి" అనాలి. మూడోసారి "అంతగా అంటున్నారు కాబట్టి, చిన్న ముక్క" అనాలి. పెట్టేవాళ్ళకీ తెలుసు, తినేవాళ్ళకీ తెలుసు. వదినకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన విషయమని మాకు తోస్తే కదా!

చర్చి అయ్యాక అందరూ కలిసి తాగే కాఫీలకి ఆమె మొదటిసారి పికాన్ పప్పులతో తీపి పై చేసుకొచ్చింది. నెయ్యి, బెల్లప్పాకం వాసన మెట్ల దాకా కొడుతోంది. "తింటారా?" అనడిగింది. "అబ్బే, వద్దమ్మా" అన్నారు అందరూ, నోట్లో నీళ్ళూరుతుండగా. "సరే" అని మూతపెట్టి ఇంటికి పట్టుకుపోయింది. పిసినారిదని వీళ్ళు, నా చేతి వంట ముట్టనైనా ముట్టలేదని ఆవిడ. మధ్యలో నష్టపోయింది నేను. ఆ పికాన్ పై నాకూ దక్కలేదు.

ఇంకోసారి పళ్ళెంలో చివరి ముక్క మిగిలింది. మేమైతే చివరి ముక్క ఎవరమూ తీసుకోం. ఒకరు సగం కోసుకుంటారు, ఇంకొకరు ఆ సగంలో సగం. చివరికి చీమ కూడా చాల్లేదనే తునక మిగులుతుంది, దాన్ని పళ్ళెంతో సహా కడిగేస్తాం. వదిన వచ్చి, "ఇదెవరికీ వద్దా?" అని అమాంతం నోట్లో వేసుకుంది. చిన్నప్పట్నుంచి ఆ పని చెయ్యాలని నాకెంత కోరికో! ఆ పూట నుంచి ఆవిడంటే నాకు ప్రాణం.

చలికాలం వచ్చింది. చెరువు గడ్డకట్టగానే మా మగాళ్ళు చెక్కగదులు దాని మీదికి లాక్కెళ్ళి, గడ్డకి కన్నం పెట్టి చేపలు పడతారు. మొదటిసారి అన్నయ్య బండిని చెరువు మీదికి తోలితే, వదిన తలుపు తెరిచి ఒక కాలు బయటపెట్టి కూర్చుంది. "మునిగితే నువ్వు మునుగు, నేను దూకుతా" అని అరుపు. మరో నెలకి అదే చెరువు మీద మా ఆయన డ్వేన్ గదిలో కూర్చుని, ముసలాళ్ళందరికీ టెక్సస్ మాంసం కూర వండి పెడుతోంది. ఆ కారానికి వాళ్ళు కన్నీళ్ళు కారుస్తూ, "ఫర్వాలేదు" అంటూ తిన్నారు. మా ఊళ్ళో ఫర్వాలేదంటే పతకం ఇచ్చినట్టే.

అంతా కుదురుకుందనే అనుకున్నాను. ఫిబ్రవరి చివర్లో ఓ పొద్దున వదిన మా వంటింట్లోకొచ్చి కుర్చీలో కూలబడింది.

"శనివారం టెక్సస్ పోతున్నా లవాన్. వంటశాలలో నా పని నాకుంది. మీ అన్న కావాలంటే చలికాలాల్లో వస్తాడు."

"ఏమైంది వదినా? చలా?"

"చలిని తట్టుకున్నా. పెళ్ళినాడే మాట అనుకున్నాం, ఒక్క చలికాలం ఉండి చూద్దామని. అందుకే నిన్న అడిగా, నేనుండాలా, పోవాలా అని. 'నీ ఇష్టం. నాకోసం నువ్వేం ఇబ్బంది పడొద్దు' అన్నాడు. అంతకన్నా మర్యాదగా ఏ మగాడు పొమ్మంటాడు చెప్పు?"

"మళ్ళీ అడిగావా?"

"మళ్ళీ ఎందుకడుగుతా? మనిషి చెప్పినమాట మళ్ళీ అడిగితే, నువ్వు అబద్ధాలకోరువి అన్నట్టే మా దగ్గర."

కొంప మునిగిందని నాకు అర్థమైంది. అన్నయ్య దగ్గరికి పరిగెత్తాను. షెడ్డులో వదిన బండి చక్రాలకి గాలి కొడుతున్నాడు.

"ఉండమని ఎందుకనలేదు అన్నయ్యా?"

"ఒకసారే అడిగింది" అన్నాడు తలెత్తకుండా. "ఇంకోసారి అడుగుతుందేమోనని చూస్తున్నా."

"ఆవిడది టెక్సస్. అక్కడ అడగందే అమ్మైనా పెట్టదు, చెప్పందే ఎవరికీ అర్థం కాదు. ఆవిడ జన్మలో రెండోసారి అడగదు. నువ్వే చెప్పు."

"చెప్తే బలవంతపెట్టినట్టుంటుంది. ఎండలో పెరిగిన మనిషి. నా సుఖం కోసం ఈ మంచులో కట్టేస్తానా?"

నోట్లో నాలుక లేని మనిషి మా అన్నయ్య. మొదటి భార్య మార్లిస్ ఆస్పత్రికి చివరిసారి వెళ్ళేటప్పుడు కూడా, "నేను నీ పక్కనే ఉంటా" అనడానికి బదులు, "బండిలో పెట్రోలు సరిపడా ఉంది" అన్నాడు. ఆవిడ మా మనిషి కాబట్టి అర్థం చేసుకుంది. ఈవిడకెలా తెలుస్తుంది?

శనివారం వెళ్ళేసరికి సామాను ఎక్కిస్తున్నారు. ఎక్కిస్తున్నది ఎవరనుకున్నారు? మా అన్నయ్యే. పెట్టె కదలకుండా తాళ్ళు కట్టాడు. మంచులో బండి జారకుండా వెనక ఇసుక బస్తాలు పడేశాడు. వేడి కాఫీ నింపిన సీసా సీటు పక్కన పెట్టాడు. అద్దం తుడిచిందే తుడుస్తున్నాడు. వదిన కళ్ళు ఎర్రబడ్డాయి.

"చూడు, ఎంత శ్రద్ధగా సాగనంపుతున్నాడో" అంది నా చెవిలో. "పీడా విరగడైందనేగా."

ఇక నా వల్ల కాలేదు. "ఆర్విడ్ హౌగెన్! ఆ గుడ్డ అవతల పారెయ్!" అని గావుకేక పెట్టాను. మా వీధిలో అంత గొంతు అగ్నిప్రమాదానికి కూడా లేవదు. "వదినా, మనసు రాయి చేసుకున్నవాడు పెళ్ళాం బండి అద్దం ఇన్నిసార్లు తుడుస్తాడా? ఆయన ఏడుస్తున్నాడు, మా పద్ధతిలో! అన్నయ్యా, ఇప్పుడు ఆవిడ పద్ధతిలో చెప్పు!"

అన్నయ్య టోపీ తీశాడు. చేతుల్లో నలిపాడు. "నువ్వెళ్తే... అంత బావుండదు" అన్నాడు.

"వాతావరణం సంగతా, నా సంగతా?" అంది వదిన.

"నీ సంగతే."

"వినపడలేదు. టెక్సస్ దాకా వినపడాలి."

ఆయన మొహం ఎర్రబడింది. ఊపిరి బిగబట్టి, అరవై నాలుగేళ్ళుగా లోపల దాచుకున్న గొంతంతా ఒక్కసారి బయటికి తీశాడు.

"వెళ్ళొద్దు! నువ్వు లేకపోతే ఈ ఇంట్లో నేనుండలేను!"

ఆ కేక ఇంటి ఎదురుగా ఉన్న చెరువు దాటి పోయింది. చెక్కగదుల తలుపులన్నీ తెరుచుకున్నాయి. మా డ్వేన్ తల బయటపెట్టి, "ఎవరు, నేనా?" అని అరిచాడు.

వదిన ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఆయన గుండె మీద రెండు పిడిగుద్దులు గుద్దింది. "ఈ ముక్క నేనడిగిననాడే చెబితే నీ సొమ్మేం పోయిందయ్యా? తాళ్ళు కట్టే శ్రమైనా తప్పేది కదా!" అంది. అన్నయ్య సిగ్గుపడుతూ తాళ్ళు విప్పడం మొదలెట్టాడు. పని అయిపోయిందని నేను ఇంటి దారి పట్టబోయాను.

"ఆగు. నువ్వు చెప్పలేదు" అంది వదిన వెనకనుంచి.

"అన్నయ్య చెప్పాడుగా."

"ఆయన్ని ఆయనకోసం అడిగా. నిన్ను నీకోసం అడుగుతున్నా. ఉండనా, పోనా?"

'నీ ఇష్టం వదినా' అన్నమాట నాలుక చివరికొచ్చేసింది. అన్నయ్యని అంత దులిపి, ఇప్పుడు నేనూ ఆ గూటి పక్షినే. చెక్కగదుల దగ్గర అందరూ నిలబడి చూస్తున్నారు. నా మెడ దాకా వేడెక్కింది.

"ఉండు" అన్నాను. "నువ్వొచ్చేదాకా ఈ ఊళ్ళో నాతో మనసువిప్పి మాట్లాడినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ సంగతే నాకు తెలీదు. నువ్వొచ్చాకే తెలిసింది."

వదిన నన్ను కావలించుకోలేదు. చొక్కా చేత్తో ముక్కు తుడుచుకుంది.

"అయితే చూస్తూ నిలబడ్డావేం? ఆ పెట్టె అటు చివర పట్టుకో" అంది.