తపన్ గోడపత్రిక

రిటైర్మెంటుకి రెండేళ్ళ ముందు, ఒక మే నెలలో, విదేశంలో, పాయా లేబర్ అనే చోట ఉన్న మా షిప్‌యార్డ్ కంపెనీ ఆఫీసులో నన్ను ఒక విచారణకి అనువాదకుడిగా వేశారు. అసలు ఉద్యోగం వెల్ఫేర్ ఆఫీసరు. పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో కాబట్టి తెలుగెంతో బెంగాలీ అంత వచ్చు. ఆ గర్వమూ దండిగానే ఉండేది.

బెంగాలీలు నలుగురు చేరితే గోడపత్రిక పెడతారు. కవితలు, కబుర్లు చేత్తో రాసి గోడకి అంటిస్తారు. మా వర్కర్ల డార్మిటరీలోనూ ఒకటుండేది. సంపాదకుడు తపన్ అనే వెల్డరు. అప్పుడే వాళ్ళ రాష్ట్రంలో ఎన్నికలు ముగిశాయి. తపన్ పత్రికలో రాజకీయ బూతులు రాశాడని ఎవరో ఫిర్యాదు చేశారు. రుజువైతే ఉద్యోగంతో పాటు వర్క్ పర్మిట్ కూడా పోతుంది. ఇక తిరుగు విమానమే.

ఫిర్యాదుతో వచ్చిన ఫొటోలో కనిపించేవి నాలుగు వాక్యాలు. అనువదించి, ‘ఇది మూలానికి సరి’ అని రాసి సంతకం పెట్టాను. ఆ సంతకం పడితే కాగితానికి సాక్ష్యం విలువ వస్తుంది. ఛీ, ఏం మాటలవి! ఎదుటివాడి తల్లినీ పుట్టుకనీ కూడా వదల్లేదు. తపన్‌ని పిలిచి, నోరు మంచిదైతే ఊరు మంచిదని నాలుగు చీవాట్లు పెట్టాను. “దాదా, మొత్తం చదివారా?” అన్నాడంతే. ఒళ్ళు మండింది. నాకే పాఠం చెబుతాడా!

మర్నాడు పొద్దున, విచారణకి ముందు, వాడి నోరు మూయిద్దామనే డార్మిటరీకి వెళ్ళి పత్రిక చూశాను. పైన శీర్షిక, ‘ప్రచారంలో మన నాయకులు మైకులో అన్నవి’. దాని కింద, నలుగురు నాయకులవి ఆ నాలుగు వాక్యాలు; ఫొటోలో పడింది ఆ వరసే. పక్క వరసలో తపన్ ఒక్కో తిట్టునీ అదే కోపంతో, మర్యాదైన బెంగాలీలో తిరగరాశాడు. ‘తమరు కట్టించిన వంతెన మీద తమరే ముందు నడవండి, వెనక మేమొస్తాం.’ అబ్బ, ఎంత ఘాటు! ఒక్క బూతు లేదు.

విచారణలో నా అనువాదం నేనే వెనక్కి తీసుకుని, తప్పు నాదని రాసిచ్చాను. మా మేనేజర్ మేడం చైనీస్ ఆవిడ. రెండు వరసలూ నాచేత చదివించుకుని ఫైలు మూసేసింది. అమ్మయ్య! బయట తపన్‌కి చెప్పగానే అతను అక్కడే నేలమీద కూలబడి నవ్వాడు. నాకూ ప్రాణం లేచొచ్చింది.

మేడం మాత్రం ఒక్కటడిగింది. ఇలాంటి మాటంటే మనం వర్కర్‌ని ఇంటికి పంపేస్తామే, అక్కడ అన్నవాళ్ళని ఏం చేశారని. ఆ నలుగురు నాయకుల్లో ముగ్గురిని జనం గెలిపించారని చెప్పాను.

వాక్యాన్ని తప్పు లేకుండా అనువదించి కూడా మనిషి మీద అబద్ధం చెప్పొచ్చని నాకప్పుడు తెలిసింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, కాగితం మొత్తం చూడకుండా దేని మీదా సంతకం పెట్టలేదు.